మేడ మీద మొయినా టబ్బు

బెట్టా (ఫైటర్ చేప) పిల్లల్ని డ్రై ఫుడ్ మీదే పెంచేద్దాం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పౌడర్‌లా నలిపి చల్లుతారు, అది కదలదు కాబట్టి పిల్లలు దాని వంకైనా చూడవు, అడుక్కి చేరి కుళ్ళి నీళ్ళు పాడైపోతాయి, తెల్లారేసరికి సగం పిల్లలు ఉండవు. వాటి కంటికి కదిలేదే తిండి.

సరే లైవ్ ఫుడ్ అని యూట్యూబ్ తెరిస్తే అన్నీ చలిదేశాల వీడియోలే. వైట్ వార్మ్స్ అనే తెల్ల పురుగులు పెంచండి, డాఫ్నియా మాగ్నా అనే నీటి పురుగు పెంచండి అంటారు. వాళ్ళకేం, చల్లగా ఉండే బేస్‌మెంట్లు ఉంటాయి, మనకి బెజవాడలో మే నెల్లో ట్యాంకు నీళ్ళతో డైరెక్టుగా స్నానం చేయలేం. మాగ్నా మన ఎండకి ఆగదు. ఆగేది మొయినా, డాఫ్నియా లాంటిదే చిన్న నీటి పురుగు, పెద్దదైనా మిల్లీమీటరు అటూ ఇటూ, 30 డిగ్రీల నీళ్ళలో కూడా హాయిగా పిల్లలు పెడుతుంది, పుట్టిన పిల్ల నాలుగైదు రోజుల్లో తనూ తల్లైపోద్ది. అందుకే నా ఓటు మొయినాకే, మిగతావన్నీ తర్వాత.

మూతి వెడల్పుగా ఉన్న టబ్బు చాలు, మేడ మీద మధ్యాహ్నం ఎండ తగలని మూల చూసి పెట్టి పైన గ్రీన్ నెట్ కట్టేయండి. మున్సిపల్ నీళ్ళైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు ఆరుబయట ఉంచాలి, డైరెక్టుగా పోస్తే గంటలో మొయినా అన్నీ చచ్చి అడుగున ఉంటాయి. ఫాగింగ్ బండి వచ్చిన రోజు టబ్బు మూసెయ్యండి, పక్కన బొద్దింకల స్ప్రే కూడా కొట్టొద్దు. ఈ జాతి పురుగులు విషానికి ఎంత సున్నితం అంటే నీళ్ళలో విషం ఉందో లేదో తేల్చడానికి ల్యాబుల్లో డాఫ్నియానే వాడతారు.

ఇంక మేత. చాలామంది ఈస్ట్ నీళ్ళలో కలిపి పోస్తారు, కొందరు శనగపిండి, స్పిరులినా పౌడర్. మా మావయ్యకి కైకలూరు దగ్గర చేపల చెరువులు ఉన్నాయి, నా టబ్బు చూసి "ఏంటి అల్లుడూ, మేం ఎకరాల్లో చేసేది నువ్వు టబ్బులో చేస్తున్నావు, అంతేగా" అని నవ్వి తవుడు జ్యూస్ చేయడం చెప్పాడు. తవుడు, కాస్త బెల్లం, చిటికెడు ఈస్ట్, నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు పులియబెట్టి పల్చటి గుడ్డలో వడకట్టి ఆ నీళ్ళే వాడాలి, పిప్పి వెయ్యకూడదు. వాళ్ళు చెరువులో ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు) రావడానికి కొట్టేది ఇదే. వాసన మాత్రం భరించలేం, అమ్మ కిందనుంచే "ఒరేయ్ ఆ కుళ్ళు డబ్బా మూత పెట్టావా లేదా" అని అరుస్తూ ఉంటది.

ఎంత పొయ్యాలి అంటే కొలతలు చెప్పను, ఎందుకంటే కొలత టబ్బుని బట్టి, ఎండని బట్టి, అందులో ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి మారిపోద్ది. మావయ్య వాళ్ళు చెరువులో మోచేతి దాకా చెయ్యి పెట్టి అరచెయ్యి కనపడుతుందా లేదా చూస్తారు, మనం టబ్బు అడుగు చూస్తే సరిపోద్ది. సాయంత్రం పోసినప్పుడు లైట్‌గా మబ్బుగా ఉండాలి, పొద్దున్నకి అడుగు కనపడాలి. కనపడితే మళ్ళీ పోయండి, ఇంకా మబ్బుగానే ఉంటే ఆ రోజు పస్తు. కల్చర్ క్రాష్ అయింది, అంటే టబ్బులో పెంచేవన్నీ ఒక్కసారే చచ్చాయి అని ఏడ్చేవాళ్ళలో ఎక్కువమంది మేత ఎక్కువేసినవాళ్ళే, బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ తినేస్తుంది, రాత్రికి రాత్రి ఖాళీ.

ఇంకోటి, "మాది రెడ్ మొయినా అన్నా, క్వాలిటీ" అని అమ్మేవాళ్ళుంటారు. అది వేరే రకమేం కాదు, నీళ్ళలో ఆక్సిజన్ తక్కువైతే వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ పెరిగి ఎర్రగా అవుతాయి. నా టబ్బులో ఎరుపు తిరిగితే నేను సంబరపడను, సగం నీళ్ళు మారుస్తా.

గాజు గ్లాసులో కొన్ని తీసుకుని వెనకనుంచి టార్చ్ వేసి భూతద్దంలో చూడండి. ఒక్కోటి కుదుపు కుదుపుగా పైకి లేస్తూ ఉంటది, వీపు మీద అద్దం లాంటి సంచిలో చిన్న చిన్న కళ్ళతో పిల్లలు కనపడతాయి. అన్నీ బాగున్నంతకాలం ఉండేవి దాదాపు ఆడవే, మగదానితో పనిలేకుండానే పెడతాయి. గుంపు ఎక్కువై తిండి తగ్గితే అప్పుడు మగవి పుడతాయి, వీపు మీద పిల్లల బదులు ముదురు రంగు గట్టి గుడ్డు కనపడుద్ది. అది కనపడిందంటే మీరు తియ్యడంలో వెనకబడ్డారని. రోజూ నాలుగో వంతు తీసి చేపలకి వేసేయండి, పిసినారితనం వద్దు.

అయితే ఈదడం మొదలుపెట్టిన బెట్టా పిల్లకి మొదటి రెండు మూడు రోజులు మొయినా పిల్ల కూడా నోట్లో పట్టదు. దానికి ఇన్ఫ్యూసోరియా, అంటే కంటికి ఆనని నీటి సూక్ష్మజీవులు, పాత ట్యాంకు నీళ్ళలో అరటి తొక్క వేసి పెడితే మొదట పాల రంగుకి తిరిగి, మెల్లగా తేరుకునేసరికి రెడీ. తర్వాత ఆర్టీమియా, ఉప్పునీటిలో బతికే రొయ్య లాంటి చిన్న జీవి. మన కోస్తాలో రొయ్యల హ్యాచరీలన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి దాని గుడ్ల టిన్ను దొరకడం కష్టం కాదు, రేటే కష్టం. లీటరు నీళ్ళకి 25-30 గ్రాముల కల్లుప్పు, తిరగేసిన కూల్‌డ్రింక్ బాటిల్, కింద ఎయిర్ పైపు, పక్కన లైటు, ఒక రోజులో ఆరెంజ్ కలర్ పిల్లలు. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, అవి చేపపిల్లల కడుపులోకి పోకుండా చూసుకోండి. గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే చేపలకి వేసెయ్యాలి, లేటైతే వాటి ఒంట్లో ఉన్న బలం అవే తినేస్తాయి.

టబ్బు మీద పాత దోమతెర ముక్క కూడా కట్టండి. దోమ పిల్లలు చేపలకి ఇష్టమే గానీ రెండ్రోజులు ఊరెళ్ళొచ్చేసరికి అవి దోమలై వీధంతా డెంగ్యూ భయం, ఆ పేరు మనకెందుకు. రెండో టబ్బు ఒకటి ఎప్పుడూ పక్కన నడుస్తూ ఉండాలి, ఒకటి పోతే రెండోదాన్నుంచి గ్లాసుడు పోస్తే మళ్ళీ మొదలు.

స్టార్టర్ (మొదలుపెట్టడానికి కొన్ని మొయినా) కోసం నా దగ్గరకి వచ్చేవాళ్ళు పొద్దున్నే రండి, బాటిల్ మీరే తెచ్చుకోండి. నిండా పొయ్యమని అడగొద్దు, సగం నీళ్ళు సగం గాలి ఉంటేనే బస్సులో బతికి ఇంటికి చేరతాయి.