గుమ్మం ముందు అడగవలసింది వారెంటు ఒక్కటే కాదు

పోలీసులు ఇంటి తలుపు తట్టినప్పుడు చాలామంది నోట మొదట వచ్చే మాట "వారెంటు ఉందా?" అన్నదే. వారెంటు లేకపోతే గడప దాటే హక్కు పోలీసులకు లేదన్న నమ్మకం చదువుకున్నవారిలో కూడా గట్టిగానే ఉంది. మన దేశపు చట్టం ప్రకారం ఆ నమ్మకం సరైనది కాదు. దర్యాప్తులో ఉన్న కేసులో వారెంటు లేకుండానే ఇల్లు సోదా చేసే అధికారాన్ని చట్టం పోలీసు అధికారికి నేరుగా ఇచ్చింది. అయితే ఆ అధికారాన్ని వాడే ముందు కారణం రాసి తీరాలని కూడా అదే చట్టం, అదే వాక్యంలో చెప్పింది. వాక్యంలోని మొదటి సగం పోలీసులకు బాగా గుర్తుంటుంది. రెండో సగం ఇంటివాళ్లకు తెలియదు. నేను రాయదలచుకున్నది ఎక్కువగా ఆ రెండో సగం గురించే.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ సోదాలకు సంబంధించిన మూలసూత్రాలు చాలావరకు అలాగే ఉన్నాయి. మనకు ఆధారమైన తీర్పులన్నీ పాత అంకెలతో ఉంటాయి కనుక అవసరమైన చోట రెండు అంకెలూ ఇస్తాను.

మొదట అరెస్టు సంగతి. అరెస్టు చేయవలసిన వ్యక్తి ఫలానా ఇంట్లో ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే, ఆ ఇంట్లో నివసించేవారు పోలీసులు అడిగిన వెంటనే లోపలికి రానివ్వాలని 44వ సెక్షన్, అంటే పాత 47, చెబుతుంది. ఆ ఇల్లు అతనిదే కానక్కరలేదు, బంధువులదైనా స్నేహితులదైనా ఇదే నియమం. లోపలివారు రానివ్వకపోతే, వారెంటు తెచ్చేలోగా మనిషి తప్పించుకుపోతాడనుకున్న సందర్భంలో, తలుపో కిటికీయో పగలగొట్టి వెళ్లే అధికారం కూడా ఉంది. అయితే తాము ఎవరో, ఎందుకు వచ్చారో ముందుగా చెప్పి, తలుపు తీయమని అడిగి, అయినా దారి దొరకనప్పుడే ఆ పని చేయాలి. వచ్చీ రావడంతోనే తలుపు మీద కాలు వేయడం ఈ సెక్షన్ కిందకు రాదు. ఈ అధికారం మనిషిని పట్టుకోవడానికి ఇచ్చినదన్న సంగతి కూడా మరువకూడదు. మనిషి కోసం వచ్చినవారు బీరువాలో సొరుగులు లాగి కాగితాలు తిరగేస్తున్నారంటే, ఆ పనికి వేరే సెక్షన్ ఆధారం చూపించుకోవలసి ఉంటుంది.

ఆ వేరే సెక్షనే 185, పాత 165. వారెంటు లేని సోదాకు అసలు ఇరుసు ఇదే. స్టేషన్ హౌస్ ఆఫీసరు గానీ దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ, దర్యాప్తుకు అవసరమైన వస్తువు తన స్టేషన్ పరిధిలోని ఒక చోట దొరుకుతుందని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, మరో మార్గంలో అయితే అనవసరమైన జాప్యం జరుగుతుందని భావించినప్పుడు, ఆ నమ్మకానికి గల కారణాలను ముందుగా కేసు డైరీలో, అంటే దర్యాప్తు వివరాలు ఏ రోజుకారోజు నమోదు చేసే పుస్తకంలో, రాసి, వెతకబోయే వస్తువేమిటో వీలైనంతవరకు అందులో పేర్కొని, ఆ తర్వాత సోదా చేయవచ్చు. వీలైతే తానే స్వయంగా చేయాలి. వీలుకాకపోతే ఎందుకు వీలుకాలేదో రాసి, కింది అధికారికి లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఇచ్చి పంపాలి. కాబట్టి "సారు పంపారు" అంటూ ఒక కానిస్టేబులు వచ్చి ఇల్లంతా తిరిగితే అది సోదా అనిపించుకోదు, సారు రాసిచ్చిన కాగితం అతని దగ్గర ఉండాలి.

వారెంటు అవసరం లేదన్న మాటను కాగితమే అవసరం లేదన్నట్లుగా వాడేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. వారెంటులో మేజిస్ట్రేటు ముందుగా ఆలోచించి రాస్తాడు. 185 కింద ఆ ఆలోచించి రాసే బాధ్యత పోలీసు అధికారి మీదే పడుతుంది. పరిశీలించే మూడో వ్యక్తి లేడు కనుక ఆ రాత విలువ ఇంకా పెరగాలి. 1960 నాటి రాజస్థాన్ రాష్ట్రం వర్సెస్ రెహమాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే పట్టి చూసింది. కేంద్ర ఎక్సైజ్ అధికారి ఒకరు కారణాలు రాయకుండానే ఒక ఇంటి సోదాకు వెళ్లారు, ఇంటి మనిషి అడ్డుకున్నాడు, విధి నిర్వహణలో ఉన్న అధికారిని అడ్డగించాడని అతని మీద కేసు పెట్టారు. కారణాలు రాయడం సోదాలో కీలకమైన మెట్టు అని, ఆ మెట్టు దాటవేసిన సోదా చట్టబద్ధం కాదని, కాబట్టి దాన్ని అడ్డుకున్నందుకు శిక్షించడం కుదరదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు చదివి గుమ్మం దగ్గర ఎస్‌ఐతో తోపులాటకు దిగమని నేను ఎవరికీ చెప్పను. ఎందుకంటే డైరీలో కారణం రాశారో లేదో ఆ నిమిషాన ఇంటివాళ్లకు తెలిసే మార్గం లేదు. రాసి ఉంటే అడ్డుకున్నవాడే ముద్దాయి అవుతాడు.

కేసు డైరీని చూపించమని అడిగే హక్కు నిందితుడికి ఉండదని 192వ సెక్షన్ చెబుతోంది. సోదాకు కారణమేమో ఆ డైరీలోనే ఉంటుంది. మరి ఇంటివాళ్లకు తెలిసేదెలా? దీనికి 185లోని అయిదో ఉపసెక్షన్ ఒక దారి చూపించింది. సోదాకు ముందు రాసిన కాగితాల నకళ్లను పోలీసులు 48 గంటలలోపు దగ్గరలోని మేజిస్ట్రేటుకు పంపి తీరాలి; ఇంటి యజమాని గానీ అక్కడ ఉంటున్నవారు గానీ దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు వాటి నకలును ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో "వెంటనే" అని మాత్రమే ఉండేది. ఆ ఒక్క మాటను ఎంత దూరమైనా సాగదీయవచ్చు కనుక, 48 గంటల గడువు పెట్టడం కొత్త సంహితలో నాకు నచ్చిన మార్పుల్లో ఒకటి.

మరో మార్పు వీడియో. సోదా మొత్తాన్ని, జప్తు చేసిన వస్తువుల జాబితా తయారీని, దాని మీద సాక్షుల సంతకాలను కూడా ఆడియో, వీడియో రూపంలో, వీలైతే మొబైల్ ఫోనుతోనే, చిత్రించి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని 105వ సెక్షన్ ఆదేశిస్తోంది. దీని అవసరమేమిటో పాత పంచనామాలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రాంతంలో ఉండే గౌరవనీయులైన స్వతంత్ర వ్యక్తులను ఇద్దరినైనా సాక్షులుగా పిలవాలని, జాబితా మీద వారి సంతకాలు తీసుకోవాలని, ఇంటివారిని సోదా చూడనివ్వాలని, జాబితా నకలు వారికి ఇవ్వాలని 103వ సెక్షన్, పాత 100, ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో మధ్యవర్తులు అనేది వీరినే. అయితే ఆచరణలో ఇరుగుపొరుగువారు కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుందని ముందుకు రారు, పోలీసులు వీఆర్వోనో మరో ప్రభుత్వ ఉద్యోగినో వెంటబెట్టుకుని వస్తారు, ఒకే మనిషి అనేక కేసుల్లో మధ్యవర్తిగా కనిపిస్తాడు. "మా సమక్షంలో" అని మొదలయ్యే నివేదిక స్టేషనులో కూర్చుని రాసినదా, ఇంటి వసారాలో రాసినదా అన్న వాదన కోర్టుల్లో తరచూ వినిపించేదే. వీడియోలో సమయం నమోదవుతుంది గనుక ఆ వాదనకు ఇకనైనా గట్టి జవాబు దొరకాలి.

ప్రత్యేక చట్టాల్లో నియమాలు కొంత వేరు. మాదకద్రవ్యాల మీద 1985లో చేసిన చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం, అధికారం పొందిన అధికారి తనకు అందిన సమాచారాన్ని కాగితం మీద పెట్టి, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు వారెంటు లేకుండా ఇంట్లోకి వెళ్లవచ్చు. చీకటి పడ్డాక వెళ్లాలంటే, వారెంటు తెచ్చేలోగా సరుకు దాచేస్తారనో మనిషి పారిపోతాడనో ఎందుకు అనుకుంటున్నాడో అదనంగా రాయాలి. 72 గంటలలోపు ఆ రాత నకలు పై అధికారికి చేరాలి. ఈ నియమాన్ని పూర్తిగా గాలికి వదిలేస్తే కేసు నిలవదని, ఆలస్యమై దానికి తగిన సంజాయిషీ ఉంటే మాత్రం ఒప్పుకోవచ్చని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తగిన కారణం లేకుండా వేధించడానికి సోదా చేసిన అధికారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 1,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని ఆ చట్టంలోనే 58వ సెక్షన్ ఉంది. వ్యభిచార నిరోధక చట్టం కింద సోదాకు వచ్చే బృందంలో కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి, సాక్షుల్లో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ఆదాయపు పన్ను దాడుల్లో అధికారులు చూపించే కాగితాన్ని అందరూ వారెంటు అంటారు గానీ, అది కోర్టు ఇచ్చినది కాదు, ఆ శాఖలోని పై అధికారి ఇచ్చిన అనుమతి.

లోపలినుంచి కేకలు వినిపిస్తుంటే, ఎవరినో కొడుతున్న చప్పుడు వస్తుంటే ఇవన్నీ అడగడం అర్థం లేని పని. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయదగిన నేరం, జరగకుండా ఆపడం పోలీసు విధి అని 168వ సెక్షన్ చెబుతోంది, ఆ విధి నెరవేర్చడానికి గడప అడ్డు రాకూడదు.

అసలు ఏ కేసూ లేకుండా, ఏ వస్తువూ వెతకకుండా, ఊరికే "చూసి పోదామని" వచ్చే రాకల సంగతే మరింత ఆలోచించవలసినది. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా అతని పేరిట హిస్టరీ షీటు, అంటే నిఘా పెట్టవలసిన వ్యక్తి గురించి పోలీసులు ఉంచే రికార్డు, తెరిచారు. కానిస్టేబుళ్లు, చౌకీదార్లు రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు బాది, కేకలు వేసి, నిద్రలేపి, ఉన్నాడో లేడో చూసుకుని వెళ్లేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలకు వీలిచ్చిన నిబంధనను కొట్టివేసింది. అది పోలీసుల నిబంధన మాత్రమేనని, చట్టసభ చేసిన చట్టం కాదని, దాని ఆధారంగా మనిషి వ్యక్తిగత స్వేచ్ఛను హరించలేరని చెప్పింది. మిగతా నిఘాను మాత్రం మెజారిటీ న్యాయమూర్తులు నిలబెట్టారు. ఆ ధర్మాసనంలో ఉన్న మన కోకా సుబ్బారావు గారు, జస్టిస్ షాతో కలిసి, ఆ నిబంధన మొత్తం చెల్లదని, గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమని భిన్నమైన తీర్పు రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, సుబ్బారావు గారు రాసినదే సరైనదని తేలింది. రౌడీషీటు ఉందన్న కారణంతో నేటికీ అర్ధరాత్రి తలుపు తట్టే అధికారులు 1962 నాటి తీర్పునే ఇంకా చదవలేదనుకోవాలి.

ఈ వరుసలో మన ప్రాంతానికి సంబంధించిన మరో తీర్పు ఉంది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ఏ ఆవరణలోకైనా వెళ్లి పత్రాలు తనిఖీ చేసే వీలు కల్పించింది. ఎవరికి అధికారమివ్వాలో, ఏ కారణం ఉండాలో చెప్పే హద్దు అందులో లేదు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదంది. గోప్యత హక్కు చోటుకు కాక మనిషికి చెందినదని, పత్రాలను బ్యాంకులో దాచుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని వివరించింది. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇది ముఖ్యమైన మాట. ఇల్లు యజమానిదే అయినా, లోపలి బతుకు అద్దెకున్నవారిది.

హద్దుల ప్రస్తావన వచ్చింది కనుక కార్డన్ సర్చ్ గురించి చెప్పకుండా ఉండలేను. తెల్లవారుజామున ఒక బస్తీని చుట్టుముట్టి, ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడగడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. పోలీసులు దీన్ని ప్రజలకు భద్రత కల్పించడం అంటారు. 185వ సెక్షన్ ప్రకారం నిర్దిష్టమైన కేసు, నిర్దిష్టమైన చోటు, వీలైనంతవరకు నిర్దిష్టమైన వస్తువు ఉండాలి. రెండు మూడు వందల ఇళ్లలో ప్రతి ఇంటికీ వేరుగా కారణం రాయడం సాధ్యమయ్యే పని కాదు, రాస్తారని ఎవరూ అనుకోరు కూడా. ఒక చేప కోసం చెరువంతా ఎండగట్టినట్లుండే ఈ పద్ధతికి సంహితలో నాకు ఆధారం కనిపించదు. ఇంటివాళ్లు ఇష్టపూర్వకంగానే రానిచ్చారని పోలీసులు అంటారు గానీ, చీకటిలో నలుగురు యూనిఫాం వేసుకుని నిలబడి అడిగినప్పుడు తలుపు తీయడాన్ని ఇష్టం అనడం కష్టం. ఈ సోదాలు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో కాకుండా పేదల బస్తీల్లోనే ఎందుకు ఎక్కువగా జరుగుతాయన్న ప్రశ్నకు కూడా జవాబు రావాలి.

నియమం తప్పిన సోదాకు ఫలితమేమిటి? ఇక్కడ మన చట్టం బలహీనమని నా అభిప్రాయం. 1961లో మ్యాప్ వర్సెస్ ఒహాయో కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అమెరికాలో, అక్రమ సోదాలో దొరికిన వస్తువును సాధారణంగా విచారణలో సాక్ష్యంగా వాడనివ్వరు. మన దగ్గర 1973లో పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు, సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యాన్ని తోసిపుచ్చనక్కరలేదని చెప్పింది. అంతకు పదేళ్ల ముందే, ఒక పోస్ట్‌మ్యాన్ ఇంట్లో బట్వాడా కాని ఉత్తరాలు దొరికిన రాధాకిషన్ కేసులో కూడా ఇదే మాట అన్నది. నియమం తప్పిన సోదాను ఇంటివారు అడ్డుకోవచ్చునని, కోర్టు ఆ సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలని మాత్రం జోడించింది. వస్తువు దొరికితే చాలు, దారి ఏదైనా ఫర్వాలేదన్న ధీమా పోలీసులకు ఇక్కడినుంచే వస్తుంది.

అందువల్ల ఇంటివాళ్లు ఆ సమయంలో చేయగలిగింది గొడవ కన్నా గమనించడమే. వచ్చిన అధికారి పేరు, హోదా, స్టేషను, కేసు నంబరు అడగాలి. దేని కోసం వెతుకుతున్నారో అడగాలి. కింది అధికారి వస్తే ఉత్తర్వు చూపించమనాలి. వీడియో తీస్తున్నారా, మధ్యవర్తులు ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నవి మనమూ రాసిపెట్టుకోవాలి. జాబితాలో లేని వస్తువు తీసుకెళ్లనివ్వకూడదు, చదవకుండా, ఖాళీలు ఉంచిన కాగితం మీద సంతకం పెట్టకూడదు. రెండు రోజులు గడిచాక, ఆ స్టేషను ఏ మేజిస్ట్రేటు కోర్టు పరిధిలోకి వస్తుందో కనుక్కుని, కేసు నంబరు, సోదా జరిగిన తేదీ, ఇంటి చిరునామా రాసి, 185వ సెక్షన్ అయిదో ఉపసెక్షన్ కింద సోదా రికార్డుల నకలు ఇప్పించమని దరఖాస్తు పెట్టాలి. ఆ నకలుకు రుసుము లేదు. అప్పటికీ కాగితాలు కోర్టుకు చేరలేదన్న జవాబు వస్తే, ఆ జవాబునే రాతపూర్వకంగా తీసుకోవాలి. విచారణలో న్యాయవాదికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది అదే.