గంటం దొరకూ ఒక కొబ్బరికాయ

మే 7న కృష్ణదేవిపేట వెళ్లాలని చాలా ఏళ్లుగా కోరిక. 1924లో అల్లూరి సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపింది ఆ రోజునే. శవాన్ని కృష్ణదేవిపేటకే తెచ్చారు. మా ఇంట్లో దాన్ని తీర్థయాత్రగానే చూస్తారు. నర్సీపట్నంలో పూలు, కొబ్బరికాయలు కొనుక్కుని పొద్దున్నే బయల్దేరాం, నేనూ మా బాబాయీ.

రాజుగారి సమాధి ఉన్న చోటే గాం గంటం దొర సమాధి కూడా ఉంది. వచ్చినవాళ్లు రాజుగారికి దండ వేసి, ఫోటో దిగి, ఎండ ముదరకముందే బస్సెక్కేస్తున్నారు. గంటం దొర దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నాకు చాలా బాధేసింది. బట్టిపనుకుల పెత్తనం పోగొట్టుకుని, తమ్ముడు మల్లు దొరతో కలిసి రాజుగారి వెంట నిలిచి, ఆయన చనిపోయిన మరుసటి నెలలో పోలీసుల తూటాలకు ఒరిగిన మనిషి ఆయన. మిగిలిన కొబ్బరికాయ అక్కడ కొట్టాను.

అక్కడే చెట్టు నీడలో మనవళ్లతో కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి పలకరించారు. చింతపల్లి అవతల ఊరట. బాబాయి ఆయన పక్కనే కూర్చుని, "తాతా, మీ పెద్దవాళ్లు ఏం చెప్పేవారు ఆ రోజుల గురించి?" అని అడిగాడు. "రాజుగారు దేవుడు బాబూ. కానీ పోరు ఆయనతో మొదలవలేదు గదా. మా తాతల తాతలప్పుడే ఉంది" అన్నారాయన. నేను ఇన్నేళ్లుగా చదివిన చరిత్రలో ఈ ముక్క ఎప్పుడూ ఎక్కడో చివర, చిన్నగా ఉండేది.

ఆయన మాట అక్షరాలా నిజం. 1879లో రంపలో, అంటే ఇప్పటి రంపచోడవరం కొండల్లో, తిరుగుబాటు లేవడానికి పెద్ద కారణం కల్లు. కొండ మీద జీలుగు కల్లు వేసవిలో తిండితో సమానం. తన చెట్టు కల్లు తాను తాగడానికి పన్నేమిటి? గీసే హక్కు మైదానం కాంట్రాక్టర్ల చేతికి పోయింది, కల్లు మీద చిగురుపన్ను అని కొత్త పన్ను వచ్చి పడింది, పోలీసులు కోడీ మేకా ఎత్తుకుపోయేవారు, వడ్డీ వ్యాపారులు కోర్టు కాగితాలు చూపించి పశువుల్ని తోలుకుపోయేవారు. ముఠాదారులు (కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్న దొరలు), రైతులు కలిసి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య నడిపిన ఆ పోరు విశాఖ కొండలకూ, భద్రాచలం వైపుకూ పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు సైన్యాన్ని దించాల్సివచ్చింది. ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం. పోడు కొడితే నేరం, కట్టె తెస్తే నేరం, పశువును మేపితే నేరం. తరతరాలుగా తామున్న అడవిలోనే వాళ్లు దొంగలయ్యారు.

మధ్యాహ్నం దాటాక వెనక్కి నర్సీపట్నం వచ్చి లంబసింగి ఘాట్ ఎక్కాం. శీతాకాలంలో మంచు కోసం జనం ఎగబడే దారి ఇదే. మలుపు మలుపుకీ లోయ కనిపిస్తుంటే డ్రైవర్ పాటలు పెట్టాడు. బాబాయి ఆపించేశాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా ఈ రోడ్డు గిరిజనుల వెట్టి చాకిరితో వేయించినది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్లను పొలాల నుంచి లాక్కొచ్చి రాళ్లు కొట్టించాడు. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు, ఎదురు మాట్లాడితే కొరడా. గంటం దొర కుటుంబానికి అతనితో వైరం అప్పటిదే. ఈ మలుపుల్లో చెమట కార్చినవాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. నాకైతే ఆ రోడ్డే పెద్ద గుడిలా అనిపించింది.

చింతపల్లి చేరేసరికి చల్లగాలి. 1922 ఆగస్టు 22న రాజుగారి దళం మొదట దాడి చేసింది ఈ ఊరి పోలీసు స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న తిరుగుబాటుదారు మొట్టడం వీరయ్య దొరను విడిపించుకుపోయారు. దోచుకున్నది తుపాకులు, తూటాలు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దారుల్లో ఎక్కడ పొంచి ఉండాలో కొండవాళ్లకు తెలుసు. వాళ్ల కాళ్లు, వాళ్ల కళ్లు లేకపోతే రాజుగారు రెండేళ్లు నిలబడగలిగేవారా? మలబార్ పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చి ఊళ్లను గాలించిన రోజుల్లో, తిండి పెట్టారన్న అనుమానానికే దెబ్బలు తిన్నదీ వాళ్లే.

రాత్రి చింతపల్లిలో ఉండిపోయాం. భోజనం దగ్గర బాబాయి మల్లు దొర సంగతి ఎత్తాడు. 1923లో పట్టుబడి, అండమాన్ జైలు చూసి వచ్చిన ఆ మనిషి 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తనకు శిక్ష వేసిన రాజ్యం పోయాక, ఢిల్లీలో చట్టాలు చేసే చోట కూర్చున్నాడు. ఇది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మా అమ్మాయికి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను.

ఈసారి ఆమెను కూడా తీసుకెళ్తాను, బట్టిపనుకుల మీదుగా. మీరు వెళ్తే కృష్ణదేవిపేటలోనే ఆగిపోకండి. ఘాట్ ఎక్కి చింతపల్లి, వీలైతే రాజవొమ్మంగి, అక్కణ్నుంచి రంపచోడవరం దాకా వెళ్లండి. దారిలో పెద్దవాళ్లు కనిపిస్తే కూర్చుని వినండి. పూలు మాత్రం రెండు సమాధులకూ సరిపడా తీసుకెళ్లండి.