మీరొక్కరే కాదు ఇక్కడ

ఆ మాట విని ఏడాది దాటింది. ఇంకా లోపల అలాగే ఉంది.

నేను జర్మనీలో న్యూరెంబర్గ్‌లో నర్సుని. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న పర్లాకిమిడి. అప్పటికి ఇక్కడికొచ్చి నాలుగో నెల. శనివారం, పొద్దున్న ఆరింటి డ్యూటీ. ఆ రోజు వార్డులో ఇద్దరు సెలవు పెట్టడంతో సాయంత్రం దాకా ఉండిపోయాను, ఇంటికొచ్చి పడుకుంటే లేచేసరికి ఏడు. ఈ బవేరియా రాష్ట్రంలో రాత్రి ఎనిమిదికల్లా మామూలు కొట్లు మూసేయాలి, ఆదివారం తెరవనే తెరవరు, ఆదివారం విశ్రాంతి అన్నది వీళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. అంటే ఆ గంటలో కొనుక్కోకపోతే సోమవారం దాకా పాలుండవు. పరుగెత్తాను. నాలాగే పేటంతా పరుగెత్తుకొచ్చింది.

బిల్లు కౌంటర్ దగ్గర అమ్మాయి సరుకులు ఎంత వేగంగా తోసేస్తుందంటే కళ్ళు తిరుగుతాయి. నేను అమ్మ నేర్పిన పద్ధతిలో బరువైనవి అడుగున, ఉల్లిపాయలు వాటి మీద, పెరుగు పక్కన, టమాటాలు అన్నిటికన్నా పైన సర్దుకుంటూ నిలబడ్డాను. వెనక నుంచి ఒకావిడ అంది, "జీ జింట్ హియర్ నిష్ట్ అలైన్."

ఒక్కొక్క పదం నాకు తెలుసు. జర్మన్ భాషలో బీ టూ స్థాయి పరీక్ష పాసై వచ్చాను, అది లేకుండా ఇక్కడ నర్సుగా గుర్తించరు. మీరు, ఇక్కడ, ఒంటరి, కాదు. మీరిక్కడ ఒంటరి కాదు. నాలుగు నెలల్లో ఆస్పత్రి బయట నాతో ఎవరూ అంత పెద్ద మాట మాట్లాడలేదు. గొంతు పట్టేసింది నాకు. వెనక్కి తిరిగి నవ్వి, "డాంకె" అన్నాను, థాంక్స్ అని.

ఆవిడ మొహం చూశాక అర్థమైంది. "మీరొక్కరే కాదు ఇక్కడ, వెనక మేమూ ఉన్నాం" అని ఆవిడ అన్నది. కౌంటర్ అమ్మాయి గోడ పక్కనున్న బల్ల వైపు చెయ్యి చూపించింది. సరుకులు బండిలో పడేసుకుని అక్కడికి వెళ్ళి సర్దుకోవాలట. ఎవరూ చెప్పలేదు నాకు. డబ్బు కట్టేసి, టమాటాల మీద పాల డబ్బాలు పడేసి, తల వంచుకుని వచ్చేశాను.

ఆవిడది తప్పని ఇప్పుడు కూడా అనలేను. అలసిపోయి నిలబడ్డవాళ్ళు ఆ వరసలో పదిమంది ఉన్నారు. ఇక్కడ కొట్లో చెప్పకుండానే పాటించే పద్ధతులు చాలా ఉన్నాయి. తోపుడు బండికి యూరో నాణెం పెట్టాలి, బండి తిరిగి దాని చోట పెడితేనే ఆ నాణెం వెనక్కి వస్తుంది. బెల్టు మీద నీ సరుక్కీ పక్కవాళ్ళ సరుక్కీ మధ్య ఒక కర్ర ముక్క పెట్టాలి, అది పెట్టకపోతే పక్కాయన గబుక్కున తనే పెడతాడు. ఖాళీ ప్లాస్టిక్ సీసా తెచ్చి మెషిన్లో వేస్తే పాతిక సెంట్లు ఇస్తారు. ముందున్న మనిషికి చేతికందనంత దూరంలో నిలబడాలి. ఇవన్నీ పాటించే మనిషికి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే అవసరం రాదు. మాట వచ్చిందంటే ఏదో తప్పు చేశామన్నమాట. నన్ను తినేసింది ఇదే. ఆ ఊళ్ళో ఒక పరాయి మనిషి తనంతట తానుగా నాతో మాట్లాడిన మొదటి మాట తిట్టు, నేను దాన్ని ఓదార్పు అనుకున్నాను.

మా ఊళ్ళో తిట్లు లేవా? బోలెడు. మా షావుకారి కొట్టు దగ్గర అసలు వరసే ఉండదు. నీ భుజం మీంచి ఎవరిదో చెయ్యి నోటు పట్టుకుని ముందుకొస్తుంది, నువ్వు అరకిలో కందిపప్పు అంటుంటే పక్కాయన ఒడియాలో నూనె అడుగుతాడు, షావుకారు ఇద్దరికీ చెరో భాషలో జవాబు చెబుతూ మూడో మనిషికి పద్దు రాస్తుంటాడు. చిల్లర తేలేదని విసుక్కుంటాడు కూడా. కానీ ఆ విసుగు చివర్న "ఏటమ్మా, మీ నాన్న కనబడ్డం మానేశాడు, ఒంట్లో బాగోలేదా" అని ఉంటుంది. కాటా వేశాక ఇంకో గుప్పెడు పోస్తాడు. కొసరు. అడక్కపోయినా పోస్తాడు, అడిగితే ఇంకాస్త పోస్తాడు. ఇక్కడ కాటా గ్రాముతో సహా ఖచ్చితంగా ఉంటుంది, ఎక్కువా లేదు తక్కువా లేదు. మోసపోయానని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అయినా ఆ గుప్పెడు కోసం నాకు బెంగ.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఆ 'జీ' గురించి. జీ అంటే మీరు. ఆవిడ నన్ను మీరు అనే తిట్టింది. మాకు తెలుగులో నువ్వు, మీరు, ఇంట్లోంచి వీధిలోకి రాగానే ఒడియాలో తు, తుమే, ఆపణ. ఎవరిని ఏమనాలో చిన్నప్పుడే ఒంటికి పట్టేస్తుంది. మీరు అన్నామంటే గొంతు దానంతటదే తగ్గుతుంది, కోపం వచ్చిందంటే మీరు కాస్తా నువ్వు అయిపోతుంది. ఈ రెండూ ఒకే నోట్లో ఒకేసారి ఎలా ఉంటాయో నాకు అంతుపట్టలేదు. వార్డులో మాత్రం ముసలివాళ్ళు నన్ను "ష్వెస్టర్" అని పిలుస్తారు. ఆ మాటకి అక్కచెల్లెలనే అర్థం. ఇప్పుడు కోర్సు చేసి వచ్చే నర్సుల హోదా పేరులో ఆ మాట లేదు, అయినా ముసలివాళ్ళు మానలేదు. ఎనభై ఏళ్ళాయన చెయ్యి పట్టుకుని ష్వెస్టర్ అంటే మా ఊళ్ళో అక్కని అప్పా అన్నట్టే వినబడుతుంది నాకు. మరి ఆ ఆస్పత్రికి రెండు వీధుల అవతల కొట్లో అదే వయసు మనిషికి నేను దారికడ్డం నిలబడ్డ మనిషిని.

మంచి కూడా చెప్పాలి. తర్వాత ఒకసారి కార్డు పనిచెయ్యక, పర్సులో చిల్లర అరవై సెంట్లు తక్కువైతే, వెనకనున్న పెద్దాయన ఏమీ అడక్కుండా బల్ల మీద పెట్టేశాడు. నేను కృతజ్ఞతలు చెప్పబోతే "పాస్ట్ షోన్" అన్నాడు, పర్లేదులే అని. మళ్ళీ నా వైపు చూడలేదు. నేను ఎవరి అమ్మాయినో, ఏ దేశమో, జీతమెంతో ఆయనకి అక్కర్లేదు. మా దగ్గర ఆ అరవై పైసలు ఇచ్చేవాడు ముందు నా ఇంటిపేరు తెలుసుకుంటాడు. ఆ రోజు రాత్రి డ్యూటీలో ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. మా ఊళ్ళో దొరికే ఆప్యాయత అంతా తెలిసినవాళ్ళకే. అత్తా, మావా, అప్పా, భైనా అని వరస కలిస్తే చాలు, కొసరు పడుతుంది. వరస కలవని వాళ్ళకి?

అప్పుడు సవర ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

మా ఊరి సంతకి కొండల మీంచి అనాసపళ్ళు, చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు తెస్తారు. తెల్లవారకముందే బయల్దేరి దిగొస్తారు. మా అమ్మ మంచి మనిషి, వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గంజి కాచి పంపుతుంది. అదే అమ్మ సంతలో తన కన్నా పెద్ద మనిషిని "ఓసే, ఎంతకిస్తావే" అని అడిగి, వాళ్ళు చెప్పినదాంట్లో సగానికి దిగి, బేరం అయ్యాక ఒక పండు తనే తీసి సంచీలో వేసుకునేది, కొసరని. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడేదాన్ని. నాకెప్పుడూ తప్పనిపించలేదు. వాళ్ళు మమ్మల్ని ఏమీ అనేవారు కాదు. అన్నా వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు, వాళ్ళ భాషలో.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో బడిపంతులుగా ఉండి సవర భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూడా తయారుచేశారు. మాది 1936లో ఒడిశాలోకి వచ్చిన ఊరు, నదికి అవతల పాతపట్నం ఇప్పుడు ఆంధ్రా, అయినా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 వస్తే పంతులుగారు మావాడని మేం గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను, బళ్ళో ఉపన్యాసం ఇచ్చి ప్రైజు కూడా తెచ్చుకున్నాను. కానీ నాకు ఒక్క సవర మాట రాదు. ఎన్నడూ చూడని జర్మనీ కోసం ఏడాదిన్నర కూర్చుని వాళ్ళ వ్యాకరణం బట్టీ పట్టాను, ఆ దేశం నాకు పని ఇస్తుందని. అనాసపళ్ళు అమ్మే మనిషి మాత్రం నా కోసం తెలుగు నేర్చుకుంది, ఒడియా నేర్చుకుంది, మా ఇంటికి కావలసినవన్నీ ఆ రెండు భాషల్లోనే అమ్మింది.

ఈ జూన్‌లో మూడు వారాలు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. అమ్మతో సంతకి వెళ్తే అనాసపళ్ళ వాసన దూరం నుంచే తగిలింది. ఒక పెద్దావిడ ముందు కూర్చుని "ఎంతకిస్తారమ్మా" అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, నా వెనకనున్న అమ్మని చూసింది. నేను మళ్ళీ అడిగాను, మీరు ఎంతకిస్తారు అని. నెమ్మదిగా ధర చెప్పింది, బేరానికి కొంచెం పెంచే చెప్పి ఉంటుంది, అది ఆవిడ హక్కు. నేను డబ్బులు తీశాను. అమ్మ నా మోచెయ్యి లాగింది, "నీకేం తెలీదు, ఉండు" అని సగం ధర మొదలుపెట్టబోయింది. అప్పటికే డబ్బు ఆవిడ చేతిలో పెట్టేశాను. అమ్మకి కోపం వచ్చింది, యూరోలు ఎక్కువైపోయాయని అందరి ముందూ అంది. నేనేం జవాబు చెప్పలేదు, ఏం చెప్పాలో నాకు తెలియలేదు కూడా.

ఆవిడ డబ్బు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. నాలుగు పళ్ళు సంచీలో పెట్టి, తట్టలో వెతికి ఇంకో చిన్న పండు తీసి వాటి మీద పెట్టింది. మేం అడగలేదు. పక్కనున్న పసుపు అమ్మే మనిషి వైపు తిరిగి, నన్ను చూపిస్తూ ఏదో అంది. ఇద్దరూ నా మొహంలోకి చూశారు.

ఇంటికి వస్తూ ఆటోలో అమ్మని అడిగాను, ఆవిడ ఏమందని. నలభై ఏళ్ళుగా ఆ సంతకి వెళ్తోంది కదా. అమ్మ సంచీలో పళ్ళు సర్దుతూ, చిన్నదాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, "ఏమో, నాకేం తెలుసు, ఆళ్ళ మాట" అంది.