సున్నా పీపీఎం దాకా: కిటికీల వ్యాను సిద్ధం చేసుకున్న నా అనుభవం

ఇంగ్లండ్‌లో కిటికీలు శుభ్రం చేసే పని ఇప్పుడు చాలావరకు నేల మీద నిలబడే జరుగుతుంది. కార్బన్ ఫైబర్‌తో చేసిన తేలికైన పొడవాటి పోల్, దాని చివర బ్రష్, ఆ బ్రష్‌లోకి సన్నటి గొట్టంలో వచ్చే నీరు, అంతే. అద్దాన్ని రుద్ది, కడిగి, తడిగానే వదిలేసి పక్క కిటికీకి వెళ్లిపోతాం. గుడ్డతో తుడవం. ఎత్తులో పనిని వీలైనంతవరకు తప్పించాలని 2005లో ఇక్కడ నిబంధనలు వచ్చాక నిచ్చెనల వాడకం తగ్గి, ఈ పద్ధతి బలపడింది. అయితే ఇదంతా ఒక్క షరతు మీద నడుస్తుంది. ఆ నీటిలో కరిగిన లవణాలు ఉండకూడదు. ఉంటే నీరు ఆవిరైపోయి, లవణం అద్దం మీదే మిగిలిపోతుంది.

మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం వల్ల ఇక్కడి రెడింగ్ పట్టణంలో స్థిరపడ్డాం. నేను కొంతకాలం ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ పని నేర్చుకుని, సొంత వ్యాను పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. వ్యాను కొనడం సులువే. అందులో నీటి ఏర్పాటు ఎలా ఉండాలన్నదే అసలు పని. ఎవరైనా ఇదే దారిలో వస్తుంటే నేను గట్టిగా చెప్పేది ఒకటే. సామాన్ల జాబితా చూడకముందే రెండు అంకెలు చేతిలో ఉండాలి. మీ కుళాయి నీటి టీడీఎస్, అంటే అందులో కరిగి ఉన్న లవణాల మొత్తం ఎంత, మీ వ్యాను ఎంత బరువు మోయగలదు? మిగతావన్నీ ఈ రెండింటి నుంచే తేలతాయి.

రెడింగ్ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి జాతికి చెందిన చాక్ పొరలున్నాయి. వాటిలోంచి వచ్చే నీరు బాగా కఠినంగా ఉంటుంది. మా వంటింటి కుళాయి కింద టీడీఎస్ మీటరు పెడితే 330 పీపీఎం, అంటే పది లక్షల భాగాల నీటిలో 330 భాగాల లవణం చూపించింది. నల్గొండ వైపు బోరు నీళ్లు చూసినవారికి ఈ అంకె పెద్దదిగా అనిపించకపోవచ్చు. తాగడానికి దీనితో ఇబ్బందేమీ లేదు. అద్దానికి మాత్రం ఇది చాలా ఎక్కువ. నా తృప్తి కోసం ఒక పరీక్ష చేశాను. నల్లటి గాజు పలక మీద మూడు చుక్కలు పక్కపక్కన వేసి ఎండలో పెట్టాను. మొదటిది కుళాయి నీరు, రెండోది ఇంట్లో తాగే ఆర్వో నీరు, మూడోది రెజిన్ (అదేమిటో కింద చెబుతాను) గుండా వచ్చిన నీరు. ఆరాక మొదటి చుక్క చోట అంచు మందంగా ఉన్న తెల్లటి వలయం మిగిలింది, గోరుతో గీకితే పొడి రాలింది. రెండోచోట పలకను వంచి వెలుతురుకు పట్టి చూస్తే తప్ప కనిపించని పలచటి గీత. మూడో చుక్క ఎక్కడ వేశానో వెతుక్కోవలసి వచ్చింది. కస్టమరుకు ఇవ్వవలసింది ఆ మూడోదే అని నాకు స్పష్టమైంది.

ఆ మూడో నీటికి రెండు దారులున్నాయి. కుళాయి నీటిని నేరుగా రెజిన్ గుండా పంపడం ఒకటి. ముందు ఆర్వోతో లవణాన్ని చాలావరకు తీసేసి, ఆ తర్వాత రెజిన్ గుండా పంపడం రెండోది. రెజిన్ అంటే చిన్న చిన్న పూసలు. ఒక రకం పూస కాల్షియం, మెగ్నీషియం లాంటి వాటిని పట్టుకుని హైడ్రోజన్ అయాన్‌ను వదులుతుంది. ఇంకో రకం క్లోరైడు, బైకార్బనేటు లాంటి వాటిని పట్టుకుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. వదిలినవి రెండూ కలిసి నీరే అవుతాయి. ఎంత చక్కటి ఏర్పాటో! కాని పూసల శక్తికి హద్దు ఉంది, లవణం ఎంత ఎక్కువగా వస్తే అవి అంత త్వరగా నిండిపోతాయి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉండే మిత్రుడు రెజిన్ ఒక్కదానితోనే హాయిగా నెట్టుకొస్తున్నాడు. ఎందుకంటే అక్కడికి 1859 నుంచి లాక్ కాట్రిన్ సరస్సు నీరు వస్తోంది, అది ఎంతో మృదువైన నీరు. ఆయన మాట విని నేనూ అదే చేసి ఉంటే, 330 పీపీఎం నీటికి రెజిన్ కొనడానికే సంపాదనలో పెద్ద వాటా పోయేది. అందుకే నాకు ముందు ఆర్వో, చివర రెజిన్ తప్పనిసరి అయింది.

తెలుగువాళ్లకు ఆర్వో గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఊరూరా ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ప్లాంట్లలో ఉండేదీ, నా గ్యారేజీలో ఉన్నదీ ఒకే సూత్రం. ముందు అయిదు మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్ మట్టినీ తుప్పునూ ఆపుతుంది. తర్వాత కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది. దీన్ని చిన్నచూపు చూడకూడదు, క్లోరిన్ తగిలితే మెంబ్రేన్, అంటే లవణాలను ఆపి నీటిని దాటనిచ్చే పలచటి పొర, పాడైపోతుంది. ఆ తర్వాత నాలుగు అంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవున్న మెంబ్రేన్. దీన్ని ఇక్కడ ‘4040’ అంటారు. వీధి పీడనం చాలదు కాబట్టి దాని ముందు బూస్టర్ పంపు పెట్టాను. మెంబ్రేన్ దాటిన నీరు 9, 10 పీపీఎం చూపిస్తుంది. రెజిన్ సీసా దాటాక 000.

ఆర్వోలో శుద్ధమైన నీరు ఎంత వస్తుందో దాదాపు అంతే నీరు పక్క పైపులోంచి వృథాగా పోతుంది, అందులో లవణం కుళాయి నీటికి రెట్టింపు ఉంటుంది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఒక డ్రమ్ములో పట్టి, గ్యారేజీ ముందు కడగడానికీ వ్యాను చక్రాలకూ వాడుతున్నాను. మన ఇళ్లలో ఆర్వో వృథా నీటితో గచ్చు తుడుచుకుంటారు కదా, ఆ అలవాటే.

బిగించేముందు నీటి సంస్థకు చెప్పాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 నాటి వాటర్ ఫిట్టింగ్స్ నిబంధనల ప్రకారం, వృథా నీటిని వదిలే శుద్ధి యంత్రం పెట్టాలంటే ముందుగా తెలియజేయాలి. నిమిషానికి 12 లీటర్లకు మించి లాగే బూస్టర్ పంపుకూ అదే వర్తిస్తుంది. పది పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. నాకు జవాబు వచ్చింది. మన నీరు వెనక్కి తిరిగి వీధి పైపులోకి వెళ్లకుండా ఏ వాల్వు పెడుతున్నారని అడిగారు. నేను గీసిన బొమ్మ పంపాను, సరేనన్నారు. ఆ ప్రశ్న అడగడం నాకు నచ్చింది. వీధిలో అందరూ తాగే నీరు అది.

ఇక బరువు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజు చెప్పిన మాట ఇది: “లీటరు నీరు కిలో బరువు. ట్యాంకు ఎంత పెద్దదని అడగకు, వ్యాను ఎంత మోస్తుందో అడుగు.” వ్యాను తలుపు దగ్గరున్న పలక మీద మొత్తం బరువుకు పరిమితి ఉంటుంది. నేను డీజిల్ నిండా పోయించి, పోళ్లు, హోస్ రీలు, బ్యాటరీ, పనిముట్లు అన్నీ ఎక్కించి, నేనూ కూర్చుని కాటా వేయించాను. పరిమితికి ఇంకా 410 కిలోలు మిగిలింది. అమ్మకందారు 400 లీటర్ల ట్యాంకు సరిపోతుందన్నారు. కాని ట్యాంకు సొంత బరువు, దాని ఉక్కు చట్రం, రెజిన్ సీసా కలిపితే ఆ లెక్క నిలవదు. 300 లీటర్లది తీసుకున్నాను. నిమిషానికి లీటరున్నర చొప్పున వాడితే అది మూడు గంటలకు పైగా ఆగకుండా నీరిస్తుంది. ఇంటికీ ఇంటికీ మధ్య నడక, గొట్టం చుట్టడం కలుపుకుంటే మామూలు రోజుకు చాలు. ఎక్కువ బరువుతో రోడ్డు మీద తనిఖీలో దొరికితే జరిమానా పడుతుంది. అంతకన్నా నాకు బ్రేకుల భయమే ఎక్కువ.

అదే భయంతో ట్యాంకు బిగించే దగ్గర డబ్బు ఆదా చేయలేదు. నడిరోడ్డులో ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మూడు వందల కిలోల నీరు ఆగదు, డ్రైవరు వీపు మీదకు వస్తుంది. ట్యాంకులో అడ్డ పలకలు ఉంటే నీరు ఒక్కసారిగా ముందుకు దూకదు. చట్రాన్ని వ్యాను నేలలోంచి బోల్టులు దించి, కింద వెడల్పాటి ఉక్కు పలకలు పెట్టి బిగించాలి. సామాన్లు కట్టే బెల్టులతో ట్యాంకును కట్టి తిరిగేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. ఈ మార్పులన్నీ బీమా సంస్థకు తెలియజేయడం కూడా మరవద్దు.

ఆర్వోను వ్యానులో పెట్టకుండా గ్యారేజీలో ఉంచడం నా సొంత నిర్ణయం. బరువు తగ్గుతుంది, గడ్డకట్టే చలి నుంచి మెంబ్రేన్‌కూ రక్షణ. రాత్రంతా డ్రమ్ముల్లోకి నీరు నిండుతుంది, పొద్దున్నే చిన్న పంపుతో వ్యానులోకి ఎక్కిస్తాను. వ్యానులో ఉండేవి ట్యాంకు, 12 వోల్టుల డయాఫ్రం పంపు, దాని వేగం మార్చే కంట్రోలరు, విడి బ్యాటరీ, వంద మీటర్ల గొట్టం ఉన్న రీలు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. బండి నడుస్తుండగా ఆ బ్యాటరీ చార్జి కావడానికి చార్జరు కావాలి. కొత్త వ్యాన్లలో ఇంజనుతో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్లు వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉంటాయి కాబట్టి, రెండు బ్యాటరీలను కలిపే పాతకాలపు రిలే స్విచ్చి చాలదు. కంట్రోలరును కూడా మన గొట్టానికి తగ్గట్టు సరిచేసుకోవాలి. బ్రష్ దగ్గర కుళాయి కట్టేయగానే పంపు ఆగాలి, తెరవగానే మళ్లీ మొదలవ్వాలి. సరిగ్గా కుదిరినప్పుడు పంపు చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. కుదరకపోతే ఆగుతూ సాగుతూ వణుకుతుంది.

మొదటి సొంత పని ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో. కిటికీలన్నీ తడిగా వదిలేసి గొట్టం చుడుతుంటే ఆవిడ బయటకు వచ్చి, “మీరు తుడవరా?” అని అడిగారు. మీటరు తీసి ఆవిడ కుళాయి నీటినీ నా నీటినీ చూపించాను. 330 పక్కన 000. ఆరాక చూడమన్నాను. పై అంతస్తులో ఒక్క కిటికీకి మాత్రం గీతలు వచ్చాయి. అది నీటి దోషం కాదు. చట్రం పైఅంచున ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము కరిగి కిందికి కారింది. కొత్త ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు చట్రాలు ముందు కడిగి, అద్దం రెండుసార్లు చేయాలని ఇందుకే చెబుతారు. ఆ కిటికీ మళ్లీ చేసి వచ్చాను.

ఇప్పుడు ప్రతి పొద్దున మీటరు పెట్టాకే బండి కదులుతుంది. అంకె 000 నుంచి పైకి లేస్తే రెజిన్ మారుస్తాను, 10 దాటేదాకా ఆగను. నిండిపోయిన రెజిన్ నుంచి చేపల వాసన వస్తుంది, అది వచ్చేసరికే ఆలస్యమైనట్టు. క్లోరిన్ తీసేసిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగే వీలుంది. వేసవిలో ట్యాంకు నీరు 20 డిగ్రీలు దాటకుండా చూసుకుంటాను, రోజుల తరబడి నిల్వ ఉంచను, అప్పుడప్పుడు ట్యాంకును క్రిమిసంహారక మందుతో కడిగి ఖాళీ చేస్తాను.

చలికాలం లెక్క వేరు. మెంబ్రేన్ ఉత్పత్తిని 25 డిగ్రీల నీటికి లెక్కగట్టి రాస్తారు. జనవరిలో ఇక్కడ కుళాయి నీరు ఆరేడు డిగ్రీలే ఉంటుంది, అప్పుడు వచ్చేది దాదాపు సగమే. అందుకే డిసెంబరు నుంచి సాయంత్రం ఇంటికి రాగానే ఆర్వో మొదలుపెడతాను. గ్యారేజీలో, వ్యానులో చిన్న హీటర్లు థర్మోస్టాటు మీద నడుస్తాయి. గొట్టంలో, పంపులో నీరు మిగలకుండా దించేసి పడుకుంటాను.