ఎడమచుట్టు

పదకొండున్నర దాటింది. మా చేపల తొట్టిలోని ఒక నత్త ఫొటో నిద్ర పట్టనివ్వడం లేదు. మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోరు, మీరూ పోకండి.

అది ఏ నత్తో తేల్చాలంటే గుల్ల మొన పైకి, నోరు మనవైపు పెట్టి చూడాలి. నోరు కుడిపక్క ఉంటే లిమ్నియా, ఎడమపక్క ఉంటే ఫైసెల్లా, రెండూ మంచినీటి నత్తల ప్రజాతులు (జీనస్‌లు). ఫొటోలో కుడి. తొట్టిలో ఎడమ! ఫోన్ ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి దాచుకుంది. ఒక్క సెట్టింగుతో ప్రజాతే మారిపోయింది. పోనీలే అనుకోవడానికీ లేదు, పశువుల కాలేయంలో చేరే పురుగులను, అంటే కార్జపు జలగలను, మోసుకొచ్చేవి లిమ్నియా కుటుంబపు నత్తలు. ఏ పాపమూ ఎరగని ఫైసెల్లా మీద ఆ నింద పడుతుంది.

ఇది కొత్త తప్పేం కాదు. 1650లో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఒక సముద్రపు నత్తగుల్లను రాగి రేకు మీద గీసి అచ్చు తీశాడు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని తెలిసే సంతకాన్ని తిరగేసి చెక్కాడు. గుల్లను మాత్రం కళ్లకు కనిపించినట్టే గీశాడు. కాగితం మీద అది ఎడమచుట్టు గుల్ల అయి కూర్చుంది. సంతకం మీదున్న శ్రద్ధ చుట్టు మీద లేదు, అదీ నా ఉక్రోషం.

ఇంత రాశాక కెమెరాను తిట్టడం దండగనిపిస్తోంది. అసలు గుల్లనే ఎందుకు నమ్మాలి? బతికున్న నత్తకు కొమ్ములుంటాయి కదా. ఫైసెల్లావి దారంలా సన్నం, లిమ్నియావి వెడల్పాటి త్రికోణాలు. ఫొటోను ఎటు తిప్పినా త్రికోణం దారమైపోదు. పాదం మీద గుల్ల నోటిని మూసే మూత కనిపిస్తే ఈ రెండూ కాదు, బైథీనియా అనే మరో నత్తలాంటిదేదో. చిక్కల్లా ఖాళీ గుల్లతోనే.

పేర్లదీ ఇదే గోల. ఫైసెల్లాల్లో ఒక జాతైన ఫైసెల్లా అక్యూటాను 1805లో ఫ్రాన్సులో వర్ణించారు, పుట్టిల్లేమో ఉత్తర అమెరికా. అక్కడ హెటెరోస్ట్రోఫా, ఇంటెగ్రా అని విడిగా పిలిచేవాటితో దీన్ని జతకట్టిస్తే సంతానం మామూలుగానే వచ్చింది. 2002లో ఆ ఫలితం అచ్చయ్యాక మూడూ ఒకటే జాతి అన్నారు. పాత పుస్తకాల్లో మాత్రం ఇంకా మూడే.

ఈ ఫైసెల్లా జిగురు దారం పట్టుకుని నీళ్లలో పైకీ కిందికీ జారుతుంటే బాగుంటుంది, ఒప్పుకుంటాను.

తొట్టిలో నత్తలు ఎక్కువైతే రాగి మందు పోయకండి. నత్తలతోపాటు రొయ్యలూ పోతాయి, చచ్చినవి కుళ్లి అమోనియా పెరిగితే చేపలకు ముప్పు. జోడీ లేకపోయినా ఒక్క నత్త కొన్నాళ్లు ఆగి తనంతట తానే గుడ్లు పెట్టగలదు, కాబట్టి ఏరి పారేస్తే తీరదు. అవి పెరిగాయంటే మేత మిగులుతోందని. ముందు మేత తగ్గించాలి. రాత్రి ఉడికించిన కీరా ముక్కకు బరువు కట్టి అడుగుకు వదిలి, పొద్దున్నే పట్టిన నత్తలతో సహా తీసేయాలి. కొత్త మొక్క తెస్తే ఆకుల అడుగున గాజులా మెరిసే జిగురు ముద్దలు, అంటే నత్త గుడ్లు, ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి.

కీరా ముక్క వేశాను. ఫొటో మళ్లీ తీశాను, ఈసారి వెనక కెమెరాతో.