మడమ నేలకు ఆనింది

"అక్కా, ఊపిరి బిగబట్టకండి, వదిలేయండి." ఫిజియో అమ్మాయి మా అక్క మడమను అరచేతిలోకి తీసుకుని పాదాన్ని పైకి వంచుతోంది. ఎంత మెల్లగా అంటే, అసలు కదులుతోందా అని నేను వంగి చూశాను.

గబుక్కున వంచితే పిక్క ఇంకా బిగుసుకుంటుంది, పాదం టకటకా కొట్టుకుంటుంది. అందుకే ఆ నిదానం. వంచిన చోటే 30 సెకన్లు పట్టి ఉంచడం, వదలడం, మళ్లీ మొదలు.

అక్కకున్న జబ్బు ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. ఇందులో దెబ్బతినేది నరాల మీది మైలిన్ అనే పొర. చేతులతో చేసే ఈ వైద్యం ఆ పొరను తిరిగి తేలేదు, తెలుసు. కానీ ఇవాళ బల్ల దిగి నిలబడితే అక్క మడమ నేలకు ఆనింది. ఎన్ని నెలలకో! గోడ పట్టుకుని తలుపు దాకా 12 అడుగులు వేసింది. పైకే లెక్కపెట్టాను, గొంతు వణికింది.

బయట దిల్‌సుఖ్‌నగర్ ఎండ మండిపోతోంది. ఒంట్లో వేడి పెరిగితే ఈ జబ్బులో ఉన్న కాస్త బలమూ తగ్గిపోతుంది. చల్లబడితే మళ్లీ వస్తుంది. మెడ చుట్టూ తడి తువ్వాలు వేసి ఆటో ఎక్కించాను.

మూసారాంబాగ్ దాటాక నా చెయ్యి నొక్కింది. "రేపు పొద్దున టీ నేనే పెడతానే."