దూరపు గెలాక్సీల రూపం: తరంగదైర్ఘ్యం చేసిన మాయ

1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోప్ సప్తర్షి మండలంలో దాదాపు ఖాళీగా కనిపించే ఒక చిన్న ఆకాశ భాగాన్ని పది రోజులపాటు చిత్రీకరించినప్పుడు, అందులో సుమారు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. వాటిలో బాగా దూరంగా ఉన్నవి, అంటే కాంతి మనల్ని చేరడానికి పట్టిన కాలం వల్ల తొలినాటి రూపంలోనే మనకు కనిపించేవి, చాలావరకు ముద్దలుగా, తునకలుగా కనిపించాయి. దీర్ఘవృత్తాకారాలు, సర్పిలాలు అంటూ 1926లో ఎడ్విన్ హబుల్ చేసిన వర్గీకరణలో అవి ఇమడలేదు. తొలినాటి గెలాక్సీలకు స్థిరమైన రూపం లేదనీ, పలుచని బిళ్లల ఆకారం చాలా ఆలస్యంగా ఏర్పడిందనీ అభిప్రాయం బలపడింది. ఆ గందరగోళంలో కొంత భాగం గెలాక్సీలది కాదు, మనం చూసిన కాంతిది.

విశ్వం వ్యాకోచిస్తున్నందున, రెడ్‌షిఫ్ట్ (కాంతి తరంగదైర్ఘ్యం ఎంత సాగిందో తెలిపే కొలత) 3 వద్ద ఉన్న గెలాక్సీ నుంచి బయలుదేరిన కాంతి మనల్ని చేరేసరికి దాని తరంగదైర్ఘ్యం నాలుగు రెట్లవుతుంది. 1995 నాటి చిత్రానికి వాడిన ఫిల్టర్లలో అన్నిటికంటే ఎర్రనిది 0.8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గరిది. అంటే ఆ ఫిల్టర్‌లో పడినది గెలాక్సీని విడిచినప్పుడు 0.2 మైక్రాన్ల అతినీలలోహిత కాంతి అన్నమాట. అటువంటి కాంతిని ప్రధానంగా వెదజల్లేవి అప్పుడే పుట్టిన భారీ నక్షత్రాలు. బిళ్లంతటా పరుచుకొని ఉండే పాత నక్షత్రాలు అందులో దాదాపు కనిపించవు. పైగా అంత దూరంలో ఉపరితల ప్రకాశం 256 రెట్లు తగ్గుతుంది కనుక, మసకగా ఉండే అంచులు ముందుగా మాయమై, వెలుగు గుంపులు మాత్రమే మిగులుతాయి.

2021 డిసెంబరు 25న నింగికెగసిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించి అందరూ దాని 6.5 మీటర్ల అద్దాన్నే చెప్పుకున్నారు గానీ, ఆకారాల విషయంలో దాని పరారుణ దృష్టికే నేను పెద్దపీట వేస్తాను; పాత నక్షత్రాల కాంతి సాగి మనల్ని చేరేది పరారుణంగానే. అయితే తరంగదైర్ఘ్యం పెరిగినకొద్దీ స్పష్టత తగ్గుతుంది. 2 మైక్రాన్ల వద్ద ఆ పెద్ద అద్దానికి దక్కేది, 0.74 మైక్రాన్ల వద్ద హబుల్ 2.4 మీటర్ల అద్దానికి దక్కే స్పష్టతే. ఆ విధంగా పరారుణ దృష్టి, పెద్ద అద్దం రెండూ కలిసివచ్చాక, ముద్దలనుకున్న గెలాక్సీలలో అనేకం బిళ్లలుగా తేలాయి. పుణెలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రం (ఎన్‌సీఆర్‌ఏ) పరిశోధకులు వెబ్ చిత్రాలలో గుర్తించి అలకనంద అని పేరు పెట్టిన గెలాక్సీ, విశ్వం వయసు సుమారు 150 కోట్ల సంవత్సరాలున్న కాలానిదైనా, రెండు చక్కని సర్పిల భుజాలతో ఉంది.

ఇంతటితో వివాదం ముగియలేదు. చిత్రంలో పొడవుగా కనిపించేది పక్కనుంచి చూసిన అప్పడమో, దొండకాయో ఒక్క ఫొటోతో తేల్చలేం. అన్నీ అప్పడాలే అయితే, అవి అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి గుండ్రంగా కనిపించేవి కూడా తగినన్ని ఉండాలి. వెబ్ చిత్రాలను లెక్కగట్టిన ఒక బృందానికి, ఆ కాలపు తక్కువ ద్రవ్యరాశి గెలాక్సీలలో గుండ్రనివి తగినన్ని దొరకలేదు. అందువల్ల వాటిలో ఎక్కువ భాగం నిజంగానే కోలగా ఉండవచ్చునని వారు వాదించారు. నాకు ఈ వాదన బలమైనదిగానే తోస్తుంది, కానీ గుండ్రంగా, మసకగా ఉన్నవి సర్వేల కంటికి దొరకకుండా పోయే అవకాశాన్ని కూడా లెక్కలో ఉంచుకోవాలి. కాంతిని రంగులుగా విడదీసి చూసే వర్ణపటంలో, గెలాక్సీ ఒక అంచు మనవైపు వస్తూ, మరొక అంచు దూరంగా పోతున్నట్లు తేలితే అది తిరిగే బిళ్ల అనడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. వెబ్‌లోని వర్ణపటమాపకం అటువంటి కొలతలను ఒక్కొక్క గెలాక్సీకి అందిస్తున్నది.